ఆగిన బండిలో మాడిన ఆయిల్

అంబులెన్సుల షెడ్డులో మెకానిక్కుని అందరూ జిడ్డు అనేవాళ్లు. సగం ఒంటి మీది ఆయిల్ వల్ల, సగం పట్టుకుంటే వదలని బుద్ధి వల్ల. ఇంజన్ ఆయిల్ ఎంత వేడెక్కిందో, ఎంత పాడైందో ఫోనులో చూపించే సెన్సర్లు బళ్లకి బిగించాక మరీ జిడ్డయ్యాడు, చెప్పొద్దూ! అన్నం ముందు కూర్చున్నా చూపు ఫోను మీదే.

ఆ ఫోనే చిచ్చు పెట్టింది. కొత్త ఆయిల్ పోసి పక్కన పెట్టిన బండిలో ఆయిల్ రోజురోజుకీ మాడుతోందట. కదలని బండిలో మాడడమేంటి? దాని డ్రైవరు స్వయానా అక్క మొగుడు. దొంగచాటుగా తిప్పుతున్నాడని జిడ్డు అనుమానం. సాయంత్రం మేనేజరు వస్తాడు. చెబితే బావ ఉద్యోగం ఊడుతుంది, అక్క కొంప మునుగుతుంది. దాస్తే తన మెడకి చుట్టుకుంటుంది.

మధ్యాహ్నం బావని షెడ్డుకే పిలిచాడు. బండి బ్యాటరీ ఊడదీశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సెన్సరుకి దాని బుల్లి బ్యాటరీ దానికుంది.

"నామీదే అనుమానమా జిడ్డూ? తాడేసి కట్టెయ్యి, పీడా పోద్ది!" అని నవ్వి, బావ బల్ల మీద ఒరిగి గుర్రు పెట్టాడు.

బయట వాన. లోపల తడిసిన ఇనుము వాసన, మందుల వాసన. రేకుల మీద చినుకుల మోత తప్ప ఇంకో అలికిడి లేదు.

ఫోను కుయ్యిమంది. ఆయిల్ వేడెక్కుతోంది...

జిడ్డు ఇంజన్ మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. ఆయిల్ కొలిచే కడ్డీ పైకి లాగి బొట్టు ఆయిల్ వేళ్ల మధ్య రుద్దాడు. చురుక్కుమంది! నల్లగా... మాడు కంపు.

వెనక్కి తిరిగాడు.

బావ నిద్రలోనే ఉన్నాడు. కుడిపాదం మాత్రం... మెల్లగా నొక్కుతోంది. నొక్కితే ఫోనులో వేడి పెరుగుతోంది. ఎత్తితే తగ్గుతోంది. చేతులు గాల్లో స్టీరింగు తిప్పుతున్నాయి.

"బావా! లే బావా!"

బావ ఉలిక్కిపడి లేచాడు. ఒళ్లంతా చెమట. ఫోనులో అంకెలు జారిపోయాయి.

బావ దొంగ కాదు! జిడ్డుకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగాడు.

"ఎక్కడికెళ్తున్నావు బావా?"

"ఏమోరా... కన్ను మూస్తే చాలు, తోలుతూనే ఉంటాను. ఆసుపత్రి మాత్రం రాదు."

అప్పుడు... బండి లోపల్నుంచి, డ్రైవరు సీటు వెనకున్న అద్దం మీద ఎవరో కొట్టారు. టక్. టక్.

వెనక తలుపు తాళం వేసినట్టే ఉంది.

"ఏంటది?"

"రెండుసార్లు కొడితే..." బావ ఆ అద్దం వైపే చూస్తూ అన్నాడు. "రోగికి బాగోలేదు, త్వరగా పోనియ్యమని."

"లోపల ఎవరున్నారు బావా?"

బావ జిడ్డు చేతిని విడిపించుకుని, బుద్ధిగా మళ్లీ బల్ల మీద పడుకుని, కళ్లు మూసుకున్నాడు.