మూడో పారాచూట్

సూర్యకళకి అది పదకొండో పెళ్ళిచూపులు. పదోసారికే విసుగొచ్చేసింది. పదకొండోసారికి విసుక్కునే ఓపిక కూడా లేదు.

పొద్దున్న రామచంద్రపురంలో జూనియర్ కాలేజీలో మూడు ఫిజిక్స్ క్లాసులు చెప్పి, వానలో తడిసి ఇంటికొచ్చి, పట్టుచీర కట్టుకుని వంటింట్లో పీట మీద కూలబడింది. "ఇదే ఆఖరు నాన్నా. ఇదీ కుదరకపోతే ఇంక నన్నెవరి ముందూ కూర్చోబెట్టద్దు" అని ముందురోజే చెప్పేసింది. వెంకటరత్నంగారు వాదించలేదు. కూతురి కోసం బస్సులెక్కి దిగి ఆయనా అలసిపోయారు.

పెళ్ళంటే ఆమెకి ఇష్టం లేక కాదు. వచ్చిన పదిమందీ పాటొచ్చా, వంటొచ్చా అన్నారు. నీ ఉద్దేశం ఏంటని అడిగినవాడు ఒక్కడూ లేడు.

పెనుగొండ నుంచి పెళ్ళివారు ముప్పావుగంట ముందే వచ్చేశారు. నాలుగూ ఇరవై దాకా వర్జ్యం. అంతవరకూ అమ్మాయిని చూపించకూడదు, మాట్లాడించకూడదు. వెంకటరత్నంగారు, అబ్బాయి, అబ్బాయి మేనమామ తాతాజీ అంతసేపూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఏం చూసుకుంటారు? వెంకటరత్నంగారు టీవీ పెట్టారు.

కేబుల్లో ఏదో ఇంగ్లీషు ఛానల్. రెండో ప్రపంచయుద్ధం నాటి నలుపు తెలుపు ఫిల్ము. ఆకాశంలో బాంబర్లు గుంపుగా పోతున్నాయి. ఉన్నట్టుండి ఒకదాని రెక్క విరిగి, గింగిరాలు కొడుతూ కిందకి పోయింది. మొత్తం ఎనిమిది సెకన్లు. ఆ ముక్కనే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

"కింద నుంచి ఫిరంగితో పేల్చేశారండి" అన్నాడు తాతాజీ, తనే పేల్చినంత ధీమాగా.

సూర్యకళ గుమ్మం తెర సందులోంచి చూస్తోంది. నోరు మూసుకుందామనే అనుకుంది. పాపం, నిజంగానే అనుకుంది.

"కాదండి. పైన ఇంకో విమానం ఉంది. అది వదిలిన బాంబే దీని రెక్కకి తగిలింది."

తల్లి రత్నమాణిక్యం కూతురి చెయ్యి గిల్లింది. "వర్జ్యమే తల్లీ! వర్జ్యంలో నోరు విప్పేశావే!"

"ఎలా చెప్పగలరండి?" హాల్లోంచి కొత్త గొంతు, నిద్రలోంచి లేచిన గొంతు.

అది పెళ్ళికొడుకు గణేష్‌బాబుది. కరెంటాఫీసులో ఇంజినీరు. మొన్నటి గాలివానకి పడిన స్తంభాలు నిలబెట్టిస్తూ నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఇందాక కుర్చీలోనే కాసేపు తూగి, విమానాల రొదకి లేచాడు.

ఎలా చెప్పగలరని ఆమెని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. సూర్యకళ తెరకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఫిరంగి గుండయితే ముందు నల్లగా పొగ కనపడాలి కదండి. ఇక్కడ పొగే లేదు. రెక్క ఒక్కసారి విరిగింది."

"విరిగే ముందు మంటొచ్చిందండి. నేను రోజూ కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు చూస్తుంటాను. ఇది లోపల్నుంచి అంటుకున్న మంట. పెట్రోల్ ట్యాంకు అయ్యుంటుంది."

"మంటకి రెక్క అంత నున్నగా తెగుతుందేంటండి?"

"తెగలేదండి, కాలి ఊడింది."

"మీరు నిద్రకళ్ళతో చూశారు."

తాతాజీ గట్టిగా దగ్గాడు. గణేష్‌బాబు నవ్వడం తెర ఇవతలికి వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అందులోంచి ఎవరైనా దూకారాండి? మీరేమైనా గమనించారా?"

సూర్యకళ చూపూ అక్కడే ఉంది. మొదట్నుంచీ తనూ అదే లెక్కపెడుతోంది.

"రెండు పారాచూట్లండి."

"నాకు మూడు కనిపించాయి."

"రెండే."

వర్జ్యం వెళ్ళింది. అమ్మాయి వచ్చి చాప మీద కూర్చుంది. అబ్బాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కాకి ఒక గుండీ తప్పు పెట్టుకున్నాడు. తీరా ఎదురెదురు పడ్డాక ఇద్దరూ టీవీ వంకే చూశారు. తాతాజీ వంటొచ్చా అని కూడా అడగలేదు. చెప్పులేసుకుంటూ "ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం" అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియని ఆడపిల్ల తండ్రి గోదావరికి ఇటూ లేడు, అటూ లేడు.

పట్టుచీర మడతపెడుతూ సూర్యకళ ఏడ్చింది. పదిసార్లూ రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. అతను నచ్చాడు మరి. నచ్చిన ఒక్కడినీ వాదించి పోగొట్టుకున్నానని తన మీద తనకే కోపమొచ్చింది.

పన్నెండో రోజున నిజంగానే ఉత్తరం వచ్చింది. వెంకటరత్నంగారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు.

"గౌరవనీయులైన వెంకటరత్నంగారికి నమస్కారాలు. ఆ ప్రోగ్రాం మళ్ళీ వేశారు. రికార్డు చేయించి చూశాను. బాంబు విషయంలో మీ అమ్మాయిగారు చెప్పింది నిజం కావచ్చు. మంట విషయంలో మాత్రం నేను తగ్గను. పారాచూట్లు మూడే. ఆదివారం సాయంత్రం క్యాసెట్టు తీసుకుని వస్తాను. ఇట్లు, గణేష్‌బాబు."

ఆయన కాగితం తిరగేసి చూశారు. "సంబంధం సంగతేదీ?"

"ఇప్పుడు చదివారుగా" అంది రత్నమాణిక్యం.

ఆదివారం మళ్ళీ వాన. గణేష్‌బాబు బస్సు దిగి, తువ్వాల్లో చుట్టిన వీసీఆర్‌ని చంటిపిల్లాడిలా ఎత్తుకుని వచ్చాడు. మనిషి ముద్దగా తడిశాడు. వీసీఆర్ మీద చుక్క పడలేదు.

"మీ మావయ్యగారికి తెలుసా బాబూ?" అని అడిగారు వెంకటరత్నంగారు.

"చెప్పే వచ్చానండి. నువ్వు పుట్టిందే వర్జ్యంలోరా, నీకేం కాదు, వెళ్ళమన్నారు."

రత్నమాణిక్యం క్యాలెండరు చూసి నొచ్చుకుంది. "ఇప్పుడూ వర్జ్యమేనండి. ఐదున్నర దాకా ఉంది."

సూర్యకళ తెర పక్కకి లాగి హాల్లోకి వచ్చేసింది. నలిగిన నూలుచీర, వేళ్ళకి ఎర్రసిరా. మధ్యాహ్నం నుంచీ పేపర్లు దిద్దుతోంది. గణేష్‌బాబు గబుక్కున లేచి తన కుర్చీ చూపించాడు.

"ఇందులో కూర్చోండి. బాగా అలసిపోయినట్టున్నారు."

వచ్చినవాళ్ళంతా ఆమె రంగు చూశారు, జడ చూశారు. అలసట చూసినవాడు ఇతనే. సూర్యకళ కుర్చీలో కూర్చుంది. అతను కింద చాప మీద కూర్చుని క్యాసెట్టు పెట్టాడు.

రెక్క విరిగింది. విమానం తిరిగింది. ఒక తెల్లచుక్క, రెండో తెల్లచుక్క. గణేష్‌బాబు బొమ్మని ఆపాడు. ఓ మూలన మూడోది.

"ముందుకి జరపండి" అందామె.

జరిపాడు. మొదటి రెండూ కాస్త కిందకి దిగాయి. మూడోది మాయమైంది.

"ఇది ఫిల్ము మీద మచ్చండి. పారాచూట్ అయితే దిగాలి కదా."

"తెలుసండి. ఇరవైసార్లు చూశాను."

"మరి మూడే అని రాశారెందుకు?"

అతను రిమోట్ అటూ ఇటూ తిప్పాడు. "రెండని ఒప్పేసుకుంటే మళ్ళీ రావడానికి నాకేం మిగుల్తుందండి? మీరు నాకు నచ్చారు. తెర వెనక ఉన్నప్పుడే నచ్చారు. మూడోవాడు కూడా బతికుంటే బావుణ్ణని నాకు నిజంగానే ఉంది, అది వేరే సంగతి."

సూర్యకళ రిమోట్ అందుకుని బొమ్మని మళ్ళీ మూడో చుక్క దగ్గరికి జరిపింది. తనకీ అలాగే ఉందని ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళిద్దర్నీ వదిలి వీధరుగు మీద కూర్చున్న వెంకటరత్నంగారు ఉండబట్టలేక కేకేశారు. "ఏం తేలిందమ్మా? రెండా, మూడా?"

గణేష్‌బాబు ఆమె వైపు చూశాడు.

"మూడే నాన్నా" అంది సూర్యకళ.

వెంకటరత్నంగారు లోపలికి వచ్చేసరికి రత్నమాణిక్యం పంచాంగంలో పెళ్ళి ముహూర్తాల పేజీ తీసి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.