రెండు వీడియోల్లో ఒకే గుండె

"నా బిడ్డ గుండె చాందీ కడుపుల కొట్టుకుంటున్నదమ్మా" అంది ఆ అమ్మాయి.

కుర్చీ అంచున కూర్చుంది. ఒడిలో ఫోను, దాని మీద రెండు చేతులు. దివ్య రాసుకోవడం ఆపి జానమ్మ వైపు చూసింది. జానమ్మ ముఖంలో మార్పేమీ లేదు.

"ముందు నీళ్ళు తాగు తల్లీ. తర్వాత మొదటి నుంచి చెప్పు."

కోదాడ బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటల్ మీద ఉన్న గది అది. జానమ్మ హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యాక అక్కడ డిటెక్టివ్ ఆఫీసు పెట్టింది. వెనక గదిలో ఒక్కతే ఉంటుంది. పెళ్ళి సంబంధాల గురించి వాకబు చేయడం, తప్పిపోయిన వాళ్ళను వెతకడం ఆమె పని. డిగ్రీ అయ్యాక దివ్య ఆమె దగ్గర చేరింది. జానమ్మ ఎదుటివాళ్ళ మాట ఎలా వింటుందో చూసి నేర్చుకోవాలని ఆ పిల్ల ఆశ.

అమ్మాయి పేరు తారా. నడిగూడెం దగ్గర తండా. భర్త రమేష్ లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. మూడో నెలలో తారా సూర్యాపేటలో శిల్ప డాక్టరు స్కానింగ్ సెంటర్‌కు వెళ్ళింది. అక్కడ తల్లులకు ఇష్టమైతే చిన్న వీడియో తీసి సెంటర్ యూట్యూబ్ ఛానెల్లో పెడతారు. తారా సరేనంది. వీడియోలో ఆమె నవ్వు, తెర మీద మినుకుమినుకుమనే చుక్క, వెనక గుండె చప్పుడు. నెల తిరగకుండానే కడుపు పోయింది.

"అప్పటిసంది దాన్నే వింటున్న. మా ఆయన లారీ మీద పోతే ఇంట్ల ఇంకెవరుంటరు? చెవి కాడ పెట్టుకొని పండుకుంట."

మొన్న పక్కింటి చాందీ కూడా అదే సెంటర్‌కు వెళ్ళింది. సంబరంగా తన వీడియో తారాకు పంపింది. అది విని తారా చేస్తున్న పని ఆపేసింది.

"అదే చప్పుడు. నాకు తెల్వదా? సెంటర్‌కు ఫోన్ చేసిన. వీడియోలు తీసే తిరుమలేష్ అనేటాయన ఎత్తిండు. 'అన్ని గుండెలు గట్లనే కొట్టుకుంటయమ్మా' అన్నడు. తెల్లారి సూస్తే నా వీడియో లేదు. ఫోన్ల లేదు, ఛానెల్ల లేదు. ఫోన్లది మా ఆయనే తీసిండేమో. నాకు పిచ్చి లేసిందంటడు. వచ్చే వారం హైదరాబాద్‌ల పెద్ద దవాఖానకు తోల్కపోతడంట." గొంతు తగ్గించింది. "పిచ్చి దవాఖానకు."

"నీకేం కావాలి తారా?"

"నా బిడ్డ చప్పుడు నాకు తెచ్చియ్యిండ్రి. ఇంకేం మిగల్లే నాకు."

జానమ్మ ఫోను తీసుకుంది. తారా వీడియో ఉండాల్సిన చోట సెంటర్ పంపిన లింకు మాత్రమే ఉంది. నొక్కితే ఖాళీ తెర. చాందీ మాత్రం ఛానెల్ నుంచి దించుకున్న పూర్తి వీడియోనే పంపింది. దాన్ని జానమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ వింది.

"వెనక ఏదో కూత వినిపిస్తోంది కదూ దివ్యా?"

"అవును మేడం. సన్నగా, పొడుగ్గా. హైవే పక్కనే కదా సెంటర్, లారీ హారన్ అయ్యుంటుంది."

జానమ్మ ఆ కూత వచ్చే చోటును ఇంకోసారి వింది.

సూర్యాపేటలో ఆ సెంటర్ రెండు గదులది. పుట్టబోయేది ఆడా మగా ఇక్కడ చెప్పరన్న బోర్డు గోడకు వేలాడుతోంది. దాని కిందే ఛానెల్ పేరు రంగురంగుల అక్షరాల్లో ఉంది. శిల్ప డాక్టరు అలసిన మనిషి.

"వీడియోలు మొదలుపెట్టకముందు ఈ బల్లలన్నీ ఖాళీగా ఉండేవి" అంది. "తారా వీడియో తీసేయమని ఆమె భర్త వచ్చి బతిమాలాడు. తిరుమలేష్‌కు చెప్పాను, తీసేశాడు. అందులో తప్పేముంది?"

"తప్పని నేననలేదు. ఒక్కసారి మీ మిషను చూడొచ్చా? గుండె చప్పుడు ఎలా వస్తుందో చూపిస్తారా?"

"చిన్న నెలల్లో నేను చప్పుడు వినిపించనండి. పిండానికి అంత మంచిది కాదు. కదలిక చూస్తాను, చాలు. నెలలు నిండేటప్పుడైతే వినిపిస్తాను."

"మీ వీడియోలు మీరు చూస్తారా?"

"చూడకుండా పెట్టనివ్వను. కాకపోతే లోపల పేషెంటు ఉంటుంది కదా, సౌండు తీసేసి చూస్తాను."

ఛానెల్ చూస్తానని జానమ్మ బయటి బల్ల మీద కూర్చుని చాలాసేపు ఫోనులోనే ఉండిపోయింది. తర్వాత దివ్య చేతికిచ్చింది. "చాందీ వీడియో ఇందులో కనిపిస్తే చెప్పు."

దివ్య కింది దాకా వెతికింది. లేదు.

మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు లారీల వరసలో రమేష్ దొరికాడు. బస్తాలు ఎక్కుతుంటే నీడకు నిలబడ్డాడు.

"తీసేయమన్న, అబద్ధమెందుకు" అన్నాడు. "ఇంటికి పోయినప్పుడల్లా ఫోను చెవికి పెట్టుకొనే ఉంటది. అన్నం పెట్టి గోడ దిక్కు తిరుగుతది. నాతోని మాట్లాడదు. నాకు మాత్రం బాధ లేదా?"

"ఆ వీడియో నువ్వు చూశావా?"

రమేష్ తల అడ్డంగా ఊపాడు. "ధైర్యం సాలలే."

"ఆమె ఫోనులోంచి నువ్వే తీసేశావని అనుకుంటోంది."

"ఆమె ఫోను నేను ముట్టలే. నా కొడుకు మీద ఒట్టు" అన్నాడు. అన్న తర్వాత ఆ మాటకు తనే బిత్తరపోయి, చేతిలోని తువ్వాల వైపు చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడే ఊరవతల నుంచి రైలు కూత వచ్చింది. సన్నగా, పొడుగ్గా. జానమ్మ అది ఆగేదాకా కదలలేదు. దివ్య ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపింది.

తిరుమలేష్ గది కూడా మిర్యాలగూడలోనే, రైల్వే స్టేషన్ రోడ్డులో ఉంది. కెమెరాలు, లైట్లు, పెళ్ళి ఆల్బములు. మంచం మాత్రం ఒక్కరు పడుకునేది.

"పోలీసోళ్ళా?" అన్నాడు.

"ఒకప్పుడు. ఇప్పుడెవరూ సెల్యూట్ కొట్టరు. టీ కూడా మేమే కొనుక్కోవాలి."

అతను నవ్వి టీ తెప్పించాడు. "ఆమె భర్త తీయమన్నడు, డాక్టరమ్మ చెప్పింది, తీసిన. నా పని గంతే కదా."

"ఆ ఒక్కటే తీశావా?"

"ఒక్కటే."

జానమ్మ గోడ వైపు చూసింది. పసిపిల్ల గౌను ఒకటి మేకుకు వేలాడుతోంది. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

"ఎవరిది నాయనా?"

"మా వర్షిణిది. అప్పుడు చిన్నగ ఉండె. ఇప్పుడు పట్టదు."

ఆదివారం సెంటర్‌కు సెలవు. ఖాళీ బల్లల మీద తారా ఒక చివర, రమేష్ ఇంకో చివర కూర్చున్నారు. డాక్టరు తన గది గుమ్మంలో నిలబడింది. తిరుమలేష్ తలుపు పక్కన నిలబడి మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

జానమ్మ మెల్లగా మొదలుపెట్టింది.

"తారా, నీ ఫోను ఎవరూ ముట్టలేదు. అసలు నీ వీడియో నీ ఫోనులో ఎప్పుడూ లేదు. నీ దగ్గరున్నది లింకు. ఛానెల్లో తీసేస్తే నీ దగ్గరా పోతుంది. కాబట్టి నీ భర్తను అనుమానించకు. తీసేయమని అడిగాడు, నిజమే. కానీ అతను అడిగింది నీ వీడియో ఒక్కటే. మరి చాందీ వీడియో ఎందుకు మాయమైంది? దాన్ని తీయమని ఎవరూ అడగలేదు. ఒక్కటే తీశానని తిరుమలేష్ నాతో చెప్పాడు."

తిరుమలేష్ వాచీ చూడటం మానేశాడు.

"చాందీ వీడియోలో గుండె వెనక ఒక కూత ఉంది. మా దివ్య లారీ అనుకుంది. ఇక్కడే కూర్చుని ఛానెల్లోని మిగతా వీడియోలన్నీ విన్నాను. అన్నిట్లో అదే కూత, అదే చోట. అది రైలుది. సూర్యాపేటకు రైలు ఎక్కడిది? ఇక్కడ తీసిన వీడియోలో మిర్యాలగూడ రైలెలా కూసింది? పైగా డాక్టరుగారు చిన్న నెలల్లో చప్పుడే వినిపించరు. లేని చప్పుడు వీడియోలోకి ఎక్కడి నుంచి వచ్చింది?"

ఫోను డాక్టరుకు ఇచ్చింది. శిల్ప మొదటిసారి తన సెంటర్ వీడియోను సౌండుతో వింది. ముఖం పాలిపోయింది.

"ఇది మూడో నెల గుండె కాదు. అప్పుడు ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. ఇది నెలలు నిండిన బిడ్డది. తిరుమలేష్, ఎవరిది ఇది?"

అతను భుజం మీది బ్యాగు కింద పెట్టాడు.

"చప్పుడు లేకుంటే ఎవరూ సూడరు మేడం. మొదటిది ఉత్తగ పెడితే పది మంది గూడ సూడలే. చప్పుడు పెట్టిన సంది జనం వచ్చిండ్రు. ఈమె ఫోన్ చేసేసరికి భయమైంది. ఒక్క తండా వాళ్ళు కదా, పక్కపక్కన పెట్టుకొని వింటరని రెండూ తీసిన."

"ఎవరిదని అడిగారు డాక్టరుగారు" అంది జానమ్మ.

"నా బిడ్డది. మిర్యాలగూడ స్టేషన్ పక్కన మా ఆవిడకు స్కాన్ తీసినప్పుడు ఫోన్ల రికార్డు చేసుకున్న. ఇప్పుడు వాళ్ళు నా దగ్గర లేరు. పుట్టింటికి పోయిండ్రు. నేను పోతే తలుపు తియ్యరు. ఎడిటింగ్ చేసినప్పుడల్లా వింట." ఆగాడు. "వేరే గుండె దొరకక కాదమ్మా. ఇది వినాల్నని పెట్టిన."

డాక్టరు ఫోను తీసి, ఛానెల్లోని వీడియోలు ఒక్కొక్కటే తొలగించడం మొదలుపెట్టింది.

తారా లేచింది. తిట్టబోతుందని దివ్య అనుకుంది.

"అంటే నాకు పిచ్చి లేదు" అంది తారా, భర్త వైపు చూడకుండా.

"లేదు" అంది జానమ్మ. "నీ చెవి కరెక్టుగానే విన్నది. ఆ గుండె నీ బిడ్డది కాదంతే."

"గిన్ని రాత్రులు నేను విన్నది వేరేటోళ్ళ బిడ్డనా?"

జానమ్మ తల ఊపింది. ఆ మాటను మెత్తగా చెప్పే దారి ఆమెకు కనిపించలేదు.

తారా తిరుమలేష్ ముందు నిలబడింది. "ఆ పిల్ల బాగుందా?"

"బాగుందంట. మాటలు మంచిగ వస్తున్నయంట."

"అయితే అది నీ దగ్గరనే ఉంచుకో. ఎవరికీ పెట్టకు."

తిరుమలేష్ తల దించుకుని బ్యాగులోంచి మెమరీ కార్డు తీశాడు. తను కెమెరాతో తీసిన అసలు వీడియో అందులో ఉంది. దివ్య దాన్ని తారా ఫోనులోకి ఎక్కించింది. ఈసారి లింకు కాదు.

"ఇందులో చప్పుడు ఉండదు" అంది జానమ్మ. "కానీ ఆ చుక్క నీ బిడ్డే. అందులో అబద్ధం లేదు."

ఆదివారం కాబట్టి సూర్యాపేట బస్టాండులో రద్దీ తక్కువ. జానమ్మ, దివ్య కోదాడ బస్సులో కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే ఎదుటి బల్ల మీద తారా, రమేష్ మధ్యలో సంచి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చుట్టూ హారన్లు, కండక్టర్ల కేకలు.

"హైదరాబాద్ తీసుకుపోతాడంటారా మేడం?"

"చూడు."

రమేష్ సంచి తీసి కింద పెట్టాడు. పక్కకు జరిగాడు. తారా ఫోను తీసింది. అలవాటుగా చెవి దాకా తీసుకుపోయి, ఆగి, కళ్ళ ముందుకు తెచ్చుకుంది. కాసేపటికి ఎండ తెర మీద పడకుండా రమేష్ తన తువ్వాల అడ్డం పట్టాడు. తల వంచి, మొదటిసారి, అతనూ చూశాడు.