నాలుగో దరువు

సమావేశం మొదలైన కాసేపటికే కౌండిన్య మణికట్టు మీద చిన్న దీపం వెలిగింది. ఆయన మాట ఆపి దానివంక చూశాడు.

"మా పాప లేచిందండీ. ఫరవాలేదు, నా చెయ్యి జోకొడుతోంది," అన్నాడు. ఆయన చేతులు రెండూ బల్ల మీదే ఉన్నాయి.

గదిలో ఎవరూ నవ్వలేదు. విశాఖలో ఆ పూట ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలు అలా నిద్రపోతున్నారో ఎవరికి తెలుసు? చేతిపొర వచ్చాక లోకం తీరే అలా మారింది. కౌండిన్య నడిపే జీవస్పర్శ సంస్థ తన ప్రయోగశాలలో పెంచే పల్చటి చర్మం అది. తొడుక్కుంటే అయినవాళ్లు చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది, అదే వేడి, అదే పట్టు. ప్రతి మనిషి చేతి తీరూ చేతినిధిలో భద్రంగా ఉంటుంది కనుక ఆ మనిషి రావలసిన పని లేదు. పరామర్శలూ ఆశీర్వచనాలూ అన్నీ చేతులే చక్కబెట్టుకొస్తున్నాయి. మనుషులకి బోలెడంత తీరిక దొరికింది, ఆ తీరికతో ఏం చేస్తున్నారని మాత్రం అడక్కూడదు.

ఎదురుగా కూర్చున్న డాక్టర్ హైమవతి అంటువ్యాధుల నిపుణురాలు. కిందటిసారి నీలిజ్వరం వచ్చినప్పుడు రాష్ట్రాన్ని గట్టెక్కించింది ఆమే అంటారు. ఇప్పుడు దక్షిణ దీవుల్లో ఏదో కొత్త దగ్గు పుట్టింది. అది ఓడెక్కి రేవు చేరేలోగా ఏర్పాట్ల ముసాయిదా మీద ఆమె సంతకం పడాలి. టీకాల విషయంలో పేచీ లేదు, మందుల విషయంలోనూ లేదు. మిగిలింది ఒకే ఒక్క నియమం. ఎవరినీ రానివ్వని వేరువార్డులో రోగి ఆఖరి ఘడియల్లో ఉంటే, ఇంటివాళ్లలో ఒకరికి కవచం తొడిగి లోపలికి పంపాలి. చేతిపొర ఉండగా అదెందుకు, ఆ నియమాన్ని కొట్టెయ్యమని సంస్థ అడుగుతోంది.

"తలుపు తెరిచిన ప్రతిసారీ ప్రమాదమేనండీ. పైగా కిందటిసారి తెరవమని అడిగినవాళ్లే లేరు," అన్నాడు కౌండిన్య.

"ఎందుకు అడగలేదో కనుక్కున్నారా?"

"కనుక్కున్నాం. చెయ్యి పంపించాం కదా అన్నారు."

ఆనాడు హైమవతీ అదే అనుకుంది. ఆమె తండ్రి అప్పలనరసయ్య, విజయనగరంలో మృదంగం మాష్టారు, నీలిజ్వరంతో వేరువార్డులోనే పోయాడు. ఆ సమయంలో అదే భవనంలో రెండంతస్తుల కింద కూర్చుని ఆమె పడకలూ ప్రాణవాయువూ పంచుతోంది. ఎవరో కవచం తెచ్చి కుర్చీ మీద పెట్టారు కూడా. ఇంతమంది ప్రాణాలు తన మీద ఆధారపడ్డాయి, నాన్న చేతిలో తన చెయ్యి ఉండనే ఉంది, ఇంకేం కావాలి అనుకుంది. నిద్రపట్టని రాత్రుళ్లు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటుంది.

"మాటలెందుకు, మీరే చూడండి. ఫర్జానా, అది తేమ్మా," అన్నాడు కౌండిన్య.

ఇంజనీరు ఫర్జానా పళ్లెంలో ఒక చేతిపొర తెచ్చింది. "రోగికి మేం పంపిన చెయ్యే కాదు మేడమ్, రోగి తిరిగి పట్టుకున్న పట్టు కూడా పొరలో నిలిచిపోతుంది. బదులుస్పర్శ అంటాం. పేర్లు ఉంచం. ఇది ఎవరో పెద్దాయనది, మా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే ప్రశాంతమైనది. కొత్తగా చేరినవాళ్లకి ముందు దీన్నే చూపిస్తాం. ఒకే లయలో తడుతూనే ఉన్నాడు. భయం ఉన్నవాళ్లు అలా తట్టలేరు."

హైమవతి పొర తొడుక్కుంది. ముందు వేడి తెలిసింది. తర్వాత ఒక ముసలి చెయ్యి వచ్చి ఆమె అరచేతి కింద ఒదిగింది. చూపుడువేలి కొసన కాయ గరుకుగా తగిలింది. ఆ వేలు కదలకముందే ఆమెకి తెలిసిపోయింది.

త. ధి. తొం.

చెయ్యి ఆగింది.

చిన్నప్పుడు ఆయన మృదంగం ముట్టుకోనిచ్చేవాడు కాదు. పాఠమంతా అరచేతి మీదే. మూడు దరువులు తట్టి ఆగేవాడు, నాలుగోది, 'నం', ఆమె తట్టాలి. "మూడూ నావి, నాలుగోది నీది. నువ్వెయ్యకపోతే నేనెక్కడికీ ఎల్లలేనే, ఇక్కడే ఉండిపోతాను," అనేవాడు. ఆమె పెద్ద డాక్టరయ్యాక కూడా, ఊరికి బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని మూడు తట్టి ఊరుకునేవాడు. ఎంత అలిగి ఉన్నా నాలుగోది వేశాకే ఆమె బండెక్కేది.

చేతినిధికి తన చెయ్యి ఇచ్చిన రోజున నిమరమన్నారు, నిమిరింది. పట్టుకోమన్నారు, పట్టుకుంది. నాలుగో దరువు సంగతి వాళ్లు అడగలేదు. ఆమెకీ గుర్తు రాలేదు.

త. ధి. తొం. మళ్లీ ఆగింది. ఆ ఖాళీలో ఆనాడు తను పంపిన చెయ్యి ఆయన వేళ్లని మెత్తగా నొక్కడం తెలిసింది. ఎంతో ప్రేమగా నొక్కింది, ఏమీ తెలియకుండా.

"ఎంతసేపు ఇలా తట్టాడమ్మా?"

"చివరిదాకా మేడమ్. మధ్యలో గట్టిగా తట్టాడు. వణుకు అనుకుని మన చెయ్యి పట్టు పెంచింది. తర్వాత నెమ్మదించాడు."

"ఆ చివర చూపించు."

వేళ్లలో బలం పోయింది. త అన్నది తెలిసీ తెలియకుండా తగిలింది. ధి. తొం. ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత ఆ ముసలి వేలే నెమ్మదిగా లేచి నాలుగోది కూడా వేసింది.

నం.

ఆ తర్వాత చేతిలో వేడి మాత్రం కాసేపు ఉంది.

"చూశారుగా, ఎంత ప్రశాంతంగా వెళ్లిపోయాడో," అన్నాడు కౌండిన్య.

"ఆయన పిలిచాడండీ," అంది హైమవతి. "అంతసేపూ పిలుస్తూనే ఉన్నాడు. పట్టుకున్నది నేను కాదని తెలిసిపోయాక, నా వంతు కూడా ఆయనే వేసుకుని వెళ్లాడు. ఆయన మా నాన్న."

ఫర్జానా గోడకి ఆనుకుంది. కౌండిన్య బల్ల మీది తన చేతులవంక చూసుకున్నాడు.

"ఆ నియమం ఉంటుంది. ఎవరూ అడక్కపోయినా తలుపు తెరవండి. రానన్నవాళ్లని బతిమాలి తీసుకురండి. అలా రాస్తేనే నా సంతకం."

కౌండిన్య తలూపాడు. అంతలో ఆయన మణికట్టు మీద దీపం మళ్లీ వెలిగింది. ఈసారి ఏమీ చెప్పకుండా లేచి, గబగబా మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయాడు.

"పొర తీసేస్తాను మేడమ్," అంది ఫర్జానా మెల్లగా.

"ఉండనీ అమ్మా."

పొర మళ్లీ మొదటికి వచ్చింది. త. ధి. తొం. ఆగిన చోట హైమవతి నాలుగోది వేసింది, చిన్నప్పటిలాగే, తప్పు పోకుండా. ఆ చెయ్యి విననేలేదు. కాసేపు ఎదురుచూసి మళ్లీ మొదటినుంచి అడిగింది.