పొయ్యి గోడలో ఒంటి బూటు

కాల్గరీ దాటి గంట డ్రైవ్ చేస్తే ఒక చిన్న ఊళ్ళో పాత ఇంగ్లిష్ పబ్బు ఉంది. దాని మాటెత్తితే ఊళ్ళోవాళ్ళు మాట మార్చేస్తారు. చలికాలం ఐదింటికే చీకటి పడుతుందా... ఆ వేళకి అక్కడి చలి కాచుకునే పొయ్యి గోడలో ఏదో కదులుతుందట.

అసలది ఇక్కడి కట్టడమే కాదు. ఇంగ్లండులో ఏదో పల్లెలో కూల్చేసిన పబ్బు. నల్లటి దూలాలు, ఇటుకలు, తల వంచితే గానీ దూరలేని గుమ్మం—అన్నీ ఓడకెక్కించి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. వంకర దూలాన్ని వంకరగానే! పాతదైతే చాలు, ఈ తెల్లవాళ్ళకి చెదలు కూడా ముద్దే.

దాన్ని మా చక్రధర్ కొన్నాడు. ఐటీలో చేసేవాడు, అన్నీ తనకే తెలుసనుకునే రకం. వందల ఏళ్ళ కట్టడంలో అడుగుపెట్టి మొదట ఏం చూశాడంటారు? ఫోన్లో దిక్సూచి.

"ఈశాన్యంలో నిప్పా!" అని హైదరాబాద్‌లో వాస్తు సిద్ధాంతికి వీడియో కాల్ చేశాడు. ఆయన అక్కడ కూర్చుని ఇక్కడి పొయ్యి పీకించాడు. ఇద్దరి తెలివీ తెల్లారినట్టే ఉంది.

ఇటుకలు తీస్తుంటే లోపల గూట్లో బూటు దొరికింది. ఒకటే. చిన్నపిల్లది... తోలు ఎండి ముడుచుకుపోయింది.

భార్య శ్యామల గొంతు తగ్గించి అంది— "ఏవండీ, మన లారీలకి పాత చెప్పు కడతారే, ఇదీ అలాంటిదే. దిష్టికి పెట్టుంటారు. కదపొద్దు."

"తెల్లోళ్ళకి దిష్టేంటే!" అని నవ్వి చెత్తలో పడేశాడు. తన దిక్కులేమో శాస్త్రం, వాళ్ళ బూటేమో మూఢనమ్మకం! ఇలాంటివాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రమే మొదలైంది. ఈసారి గోడలో కాదు, గదిలో.

టక్... తప్. టక్... తప్.

ఒక కాలికి బూటు. రెండో కాలు ఒట్టిది.

పనివాళ్ళు మానేశారు. వచ్చినవాళ్ళు గ్లాసు సగంలో వదిలి లేచిపోయారు. చక్రధర్ బూటు కోసం పరుగెత్తేసరికి చెత్త బండి ఎప్పుడో వెళ్ళిపోయింది.

గతిలేక, తనకి పబ్బు అమ్మిన ముసలావిడకి ఫోన్ చేశాడు. "పిల్లలు తొడుక్కున్న బూటే పెట్టాలి," అందావిడ. "కానీ... ఆ బూటు ఎవరిదైతే—"

మిగతాది వినకుండానే ఫోన్ పెట్టేశాడు.

పొయ్యి మళ్ళీ కట్టించాడు—ఆగ్నేయంలో. బుద్ధి రాలేదు చూడండి! గూట్లో కూతురు సాత్విక స్నో బూటు ఒకటి పెట్టి మూసేశాడు. శ్యామలకి చెప్పనేలేదు.

చప్పుడు ఆగింది. పబ్బు నిండింది. "అంతా ఆగ్నేయం మహిమ," అని మీసం మెలేశాడు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. కాఫీ కలుపుతూ శ్యామలే ఇదంతా చెప్పింది. కూతురి బూటు గోడలో పెట్టానని చక్రధర్ చివరికి ఆమె దగ్గర ఒప్పుకున్నాడట. పరుగున వెళ్ళి పొయ్యి తవ్వించారట. గూట్లో బూటు లేదు.

అప్పుడే మేడ మీద—

టక్... తప్. టక్... తప్.

"సాత్వికే అక్కా," అంది శ్యామల. "మేమంతా గుమ్మం దగ్గరే విప్పేస్తాం కదా. అది ఒక్క బూటు మాత్రం విప్పనివ్వదు. రెండోది ఏదే అంటే..."

"ఏమంటుంది?"

"'ఇట్స్ ఇన్ ద వాల్, మామ్. సో యామ్ ఐ' అంటుంది. బూటూ గోడలోనే ఉందట, తనూ గోడలోనే ఉందట."

హాల్లోకి చూశాను. చక్రధర్ ఫోన్ పట్టుకుని మెట్ల కింద అటూ ఇటూ తిరుగుతున్నాడు... కూతురి గది ఏ దిక్కులో ఉందో చూస్తున్నాడు.