వెర్బ్ ఎక్కడ?

మిస్ షాహీనాజ్ బోర్డు మధ్యలో గీత గీశారు. ఒకవైపు రన్, ఈట్, కుక్. ఇవి పనిని చెప్పే వెర్బులు. రెండోవైపు యామ్, ఈజ్, ఆర్. ఇవి ఏ పనీ చెయ్యవు, రెండు మాటలను కలుపుతాయంతే.

మన అరబ్బీలో ఇలా కలిపే మాట అక్కర్లేదు కాబట్టి ఇంగ్లిషు మాట్లాడేటప్పుడు ఇవి జారిపోతుంటాయని మిస్ చెప్పారు. రువైదాకు మాత్రం జారిపోవు. క్లాసులో అందరికంటే ముందు లేచే చెయ్యి ఆమెదే.

అప్పుడే తలుపు దగ్గర అమ్మ కనిపించింది. చేతిలో రువైదా మరిచిపోయిన టిఫిన్ డబ్బా. ఇచ్చేసి వెళ్లిపోతే సరిపోయేది. అమ్మ వెళ్లలేదు. తలమీది స్కార్ఫ్ సర్దుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"గుడ్ మార్నింగ్, మిస్. ఐ మదర్ రువైదా. ఐ హ్యాపీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రువైదా చెవులు వేడెక్కాయి. వాళ్లు తనను చూసి నవ్వకముందే తనే నవ్వేస్తే మేలనిపించింది.

"వెర్బ్ ఎక్కడమ్మా?" అని గట్టిగా అడిగింది.

క్లాసంతా గొల్లుమంది. మిస్ అందరినీ కసిరి, అమ్మను లోపలికి రమ్మన్నారు. అమ్మ కూడా కొంచెం నవ్వింది. డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఇంట్లో రోజూ సాయంత్రం అమ్మ వంటకు ములూఖియా ఆకుకూర తరుగుతుంటే రువైదా పక్కన కూర్చుని పాఠం చదువుతుంది. అమ్మ ఒక్కో మాటా తనూ అంటుంది. తమ్ముళ్లను చూసుకోవాలని అమ్మను ఎనిమిదో తరగతిలోనే బడి మానిపించారు.

ఆ సాయంత్రం రువైదా పుస్తకం తెరవబోతే అమ్మ చేత్తోనే వద్దంది.

"నాకెందుకులే తల్లీ. నువ్వు చదువుకో."

గొంతులో కోపం లేదు. అదే రువైదాకు గుచ్చుకుంది. స్కూల్లో జరిగే తల్లుల మీటింగుకు కూడా అత్తను పంపిస్తానంది అమ్మ.

రువైదా బాల్కనీలోకి వెళ్లింది. అక్కడ అమ్మమ్మ రొట్టెల కోసం తాడు కట్టిన బుట్టను వీధిలోకి దించుతోంది.

"డబ్బా మరిచిపోయి మంచిపని చేశావే," అంది అమ్మమ్మ. "మిస్‌తో మాట్లాడొచ్చని మీ అమ్మ పొద్దున గిన్నెలు తోముతూ ఇంగ్లిషు మాటలు ఒకటే వల్లె వేసింది. ఇంతకీ మిస్ మెచ్చుకుందా?"

క్లాసులో జరిగింది అమ్మ ఎవరికీ చెప్పలేదన్నమాట. రువైదా బుట్ట తాడునే చూస్తూ నిలబడింది.

చాలాసేపటికి వంటింట్లోకి వెళ్లింది. నవ్వింది ఇంగ్లిషు గురించి కాబట్టి, క్షమాపణ కూడా ఇంగ్లిషులోనే చెప్పాలనుకుంది.

"అమ్మా... ఐ... ఐ సారీ."

కత్తి ఆగింది. అమ్మ తలెత్తలేదు.

"వెర్బ్ ఎక్కడ?" అంది.

రువైదాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అమ్మ మాత్రం నవ్వలేదు.

"జారిపోయిందమ్మా. నాకూ జారిపోయింది."

రువైదా పుస్తకం తెచ్చి ఇద్దరి మధ్యా తెరిచిపెట్టింది. ఒక కట్ట దగ్గరికి లాక్కుని ఆకు దూయసాగింది. అమ్మ కత్తి మళ్లీ కదిలింది.

తర్వాత అమ్మ పుస్తకం వైపు ఓరగా చూసి, మెల్లగా "ఐ..." అంది. ఆగిపోయింది.

ఆ తర్వాతి మాట రువైదా నాలుక చివరే ఉంది. పెదాలు బిగబట్టి, ఇంకో కాడ అందుకుని, అమ్మ కోసం ఎదురుచూసింది.