రిపోర్టులో లేని గొంతు

అబిగయీలును చంపింది ప్రకటనల కాల్స్. డాక్టరు సర్టిఫికెట్‌లో గుండెపోటు అని రాశాడు. డాక్టరు రాయాల్సింది రాశాడు. ఆమె భర్త జడ్సన్‌కు తెలిసింది జడ్సన్‌కు తెలుసు.

రెండేళ్ల క్రితం, ఒక శనివారం. పొద్దుటి నుంచి అతని ఫోన్‌కు పంతొమ్మిది కాల్స్ వచ్చాయి. అన్నీ మామూలు పది అంకెల నంబర్లే. అన్నింట్లోనూ ఒకటే ఆడ గొంతు. "నమస్కారమండీ! మీకొక శుభవార్త..."

ఇరవయ్యో కాల్ కూడా తెలియని నంబరే. కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. కట్ చేశాడు. మూడోసారి వస్తే బ్లాక్ చేశాడు.

అది నాయుడుపేట బస్టాండులో ఎవరో ముసలాయన ఫోన్. అబిగయీలు ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఛాతీలో నొప్పిగా ఉందని భర్తకు చెప్పడానికి పక్కన కూర్చున్న ఆయనను అడిగి తీసుకుంది. జడ్సన్ అప్పుడు బస్టాండుకు పది నిమిషాల దూరంలో టీ తాగుతున్నాడు.

అప్పట్లో అతను టెలిఫోన్ లైన్లు బాగుచేసే మనిషి. చదివింది ఊరి బడిలో పదో తరగతి. భార్య పోయిన ఆర్నెల్లకు, పేరు బయటికి రాని ఒక ప్రభుత్వ విభాగంలో ఏజెంట్‌గా చేరాడు. ఎవరూ పిలవలేదు. తనే వెళ్లి అడిగాడు. ఆ గొంతు కోసం.

* * *

సోమవారం ఉదయం ఎనిమిది గంటలు. నెల్లూరులో ఫొటో ఫ్రేముల షాపు మీది గదిలో చీఫ్ పద్మనాభయ్య మ్యాప్ పరిచాడు.

"చట్టం ఏమంటుంది జడ్సన్?"

"ప్రకటనల కాల్ 140తో మొదలయ్యే నంబరు నుంచే రావాల సార్. 1909కి చెప్పి వద్దన్నవాడికి అసలు రాకూడదు."

"మన టార్గెట్ ఆర్కిడ్. విదేశంలో కూర్చున్న ముఠా. మామూలు మనుషుల సిమ్ములు వందల కొద్దీ ఒక పెట్టెలో గుచ్చి, పక్కింటివాడు చేసినట్టు కాల్స్ చేస్తారు. ఇన్నాళ్లూ ప్రకటనలు. ఈ రోజు పదకొండు గంటలకు వేరే ఆట. జిల్లాలో పింఛను తీసుకునే ప్రతి ముసలి ప్రాణానికీ ఒకేసారి కాల్ వెళుతుంది. 'మీ పింఛను ఆగిపోయింది, ఒకటి నొక్కండి.' నొక్కినవాడి బ్యాంకు ఖాతా వాళ్ల చేతిలోకి వెళుతుంది."

"పెట్టె యాడుంది సార్?"

"విడవలూరు తీరంలో ఎక్కడో. సిమ్ములన్నీ అక్కడి ఒకే జాలరి పల్లె పేర్ల మీద ఉన్నాయి. పల్లె పల్లెంతా అమ్ముడుపోయింది. అరెస్టు లిస్టు తయారవుతోంది." పద్మనాభయ్య గొంతు తగ్గించాడు. "ముఠాలో మనకొక మనిషి ఉంది. కోడ్ నేమ్ వెన్నెల. మెసేజ్‌లే తప్ప నేను మొహం చూడలేదు, మాట వినలేదు. రెండు రోజులుగా మెసేజ్ కూడా లేదు. ఆమె ఎదురైతే రొయ్యల కౌంటు అడుగుతుంది. నువ్వు నూట నలభై అనాలి."

కిలోకు నూట నలభై తూగే సన్న రొయ్యను ఏ వ్యాపారీ గొప్పగా చెప్పుకోడు. పొరపాటున కూడా ఎవరి నోటా రాని మాట.

"పనులు రెండు. పెట్టెను ఆపడం. ఆ గొంతు ఎవరిదో కనిపెట్టి కోర్టులో నిలబెట్టడం."

"రెండోది చెప్పక్కర్లేదు సార్," అన్నాడు జడ్సన్.

* * *

పది గంటలకు అతను చేపల వ్యాపారి. మాసిన లుంగీ, మోపెడ్, వెనక ఐసు పెట్టె. పెట్టెలో పైన ఐసు, అడుగున సిగ్నల్ పసిగట్టే యంత్రం. చెవిలో ఇయర్‌ఫోన్ మాత్రం పలకడం లేదు. ముఠా సిమ్ముల పెట్టె ఇంకా నిద్రలో ఉంది.

వలల షెడ్డు దగ్గర పిచ్చమ్మ అనే ముసలావిడ చేపలు వేరు చేస్తోంది.

"ఏం కొంటావయ్యా?"

"ఏముంటే అది."

"ఏముంటే అది కొనేవోడు యాపారం చేసేవోడు కాదు. చెయ్యి చూపించు." చూసి నవ్వింది. "ఈ చెయ్యి కూరలో తప్ప చేపని ముట్టలా. పోలీసోడివా? పెళ్లిళ్ల పేరయ్యవా?"

మారువేషం రెండు నిమిషాలు నిలిచింది.

"ఫోన్ల మనిషిని పెద్దమ్మా. అడ్డమైన కాల్స్ ఆపేదానికి వచ్చినా."

"మళ్లీనా? పోయిన నెల వచ్చి ఆపిపోయినారు గదా!"

జడ్సన్ మోపెడ్‌కు స్టాండు వేశాడు. "ఎవరు?"

"చొక్కాలు టక్కు చేసుకున్నోళ్లు. ఈ షెడ్డులోనే బల్ల ఏసినారు, మజ్జిగ పోసినారు. మిషను మీద వేలు పెడితే ఇంక ఆ ఫోన్లు రావన్నారు. పల్లెంతా లైను కట్టినాం. నా వేలిముద్ర పళ్లా. మళ్లీ పెట్టమన్నారు. పళ్లా. ఏడు సార్లు పెట్టినా."

"అన్నిసార్లు ఎందుకని అడగలా?"

"ఎందుకడగాల? తాళ్లు లాగి లాగి గీతలు అరిగిపోయినాయి. రేషను బియ్యం కాడా ఇంతే, ఆధారు కాడా ఇంతే. ఆడ కసురుకుంటారు. వీళ్లు పాపం, మళ్లీ పెట్టు తల్లీ, మళ్లీ పెట్టు తల్లీ అన్నారు. మంచోళ్లనుకున్యాం."

ఆమె బొటనవేలు గులకరాయిలా నున్నగా ఉంది. జడ్సన్‌కు అర్థమైంది. వేలు ఏడుసార్లూ పడింది. ఆమె పేరు మీద ఏడు సిమ్ములు. పడలేదంటే నమ్మే వేళ్లు ప్రపంచంలో ఈ పల్లెకే ఉన్నాయి. పల్లె అమ్ముడుపోలేదు. ఆ కాల్స్ వద్దు మొర్రో అని ఎండలో లైను కట్టింది.

"మరి కాల్స్ ఆగినాయా?"

"రెండు రోజులు ఆగినాయి. తర్వాత మళ్లీ ఆ పిల్ల మొదలుపెట్టింది, శుభవార్త అని. మా ఆయన సముద్రంలో పోయిన కాడ్నుంచీ నాకు శుభవార్త చెప్పేది ఆ పిల్ల ఒక్కతే."

జడ్సన్ మోపెడ్ స్టాండు తీశాడు. "వాళ్లిప్పుడు యాడుండారు?"

"ఆ ఇసక దిబ్బల అవతల మూతబడిన హేచరీలో. రొయ్యపిల్ల లేదు, నీళ్లు లేవు. ఆ జనరేటరు దేనికి మోగతా ఉందో దేవుడికే తెలియాల."

* * *

పది నలభై. హేచరీ గేటు ముందు తెల్ల కారు. దానికి ఆనుకుని ఒక యువతి. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు. ఉప్పుగాలికి కొంగు ఎగురుతోంది.

"రొయ్యలున్నాయా? కౌంటెంత?" అంది.

జడ్సన్ జవాబు మర్చిపోయాడు.

అదే గొంతు. చెరుకురసంలో ఐసుముక్క కదిలినట్టుండే గొంతు. పంతొమ్మిది సార్లు విన్నాడు.

"కౌంటెంతన్నా?" ఆమె కంగారుగా మళ్లీ అడిగింది.

"నూట నలభై."

ఆమె ఊపిరి వదిలింది. "నా పేరు కెజియా. రెండు రోజులై అందరి ఫోన్లూ లాక్కున్యారు. కాపలావాడిని టిఫినుకి పంపినా. రండి."

నీళ్లు లేని సిమెంటు తొట్లలో ర్యాకులు, వాటి నిండా ఆకుపచ్చ లైట్లు. మధ్యలో లాప్‌టాప్. తెర మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. పద్నాలుగు నిమిషాలు.

జడ్సన్ నడుములోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వైరు కోస్తే ఇదొక్కటే ఆగుతుంది. ఇట్లాటివి ఇంకా రెండుండాయి, యాడుండాయో నాకూ తెలీదు. లోపల్నుంచి పాస్‌వర్డు కొడితే మూడూ ఆగిపోతాయి. అది నాకు తెలుసు."

"కొట్టు."

"కొడతా. ముందు ఒక మాట కావాల." కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఆ కాల్స్‌లో గొంతు నాదేనన్నా. మీ సారుకి ఆ సంగతి చెప్పలేదు."

"తెలుసు."

"ఎట్లా తెలుసు? అందరూ మధ్యలోనే కట్ చేస్తారే."

"నేనూ కట్ చేసినా."

ఆమెకు ఆ మాట బరువు అందలేదు. "రెండున్నరేళ్ల క్రితం ఒక స్టూడియోలో చదివినా. ఒక్క టేకులో ఓకే అయింది, చప్పట్లు కొట్టినారు. దాన్నెట్లా వాడతారో అప్పుడు తెలీదు. తెలిసినాక కూడా వాళ్లతోనే ఉన్యా, అబద్ధమెందుకు? పోయిన నెల మా అమ్మకి పోయింది ఆ కాల్. గొంతు గుర్తుపట్టి, 'కెజియా, తిన్నావా' అని అడిగిందంట. రికార్డింగు కదా, అది పలకలా. అడిగింది, మళ్లీ అడిగింది. తర్వాత నాకు ఫోన్ చేసి, పలకలేదేమే, నా మీద కోపమా అని ఏడ్చింది. ఆ రోజే మీ సారుకి మెసేజ్ పెట్టినా."

తొమ్మిది నిమిషాలు.

"నన్ను కోర్టులో నిలబెట్టనని మాటివ్వండన్నా. నా పేరు ఎవరికీ చెప్పనని. మా అమ్మకి తెలిస్తే బతకదు."

జడ్సన్ తెర వైపు చూశాడు. రెండేళ్లు వెతికిన మనిషి మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాపితే చాలు. చాపితే పదకొండు గంటలకు పిచ్చమ్మ ఫోన్ మోగుతుంది. జిల్లాలో ప్రతి ముసలి మనిషి ఫోనూ మోగుతుంది. అవతల నిజంగా ప్రాణం పోతున్నవాడు ఎవరైనా ఫోన్ చేస్తుంటే, వాడి కాల్ ఈ కాల్స్ కింద పడి నలుగుతుంది. అది ఎట్లా ఉంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నాలుగు నిమిషాలు.

"మీవాళ్లెవరైనా పోయినారా అన్నా?" ఆమె అతని మొహం చూసి నెమ్మదిగా అడిగింది.

"టైమెంత?"

"అన్నా..."

"టైమెంతని అడిగినా."

"మూడు నిమిషాలు."

బయట కాపలావాడి బైకు ఆగిన చప్పుడు. జడ్సన్ తలుపు గడియ వేసి వీపు ఆనించి నిలబడ్డాడు. తలుపు మీద పిడిగుద్దులు మొదలయ్యాయి. ప్రతి దెబ్బా అతని వెన్నులోకి దిగుతోంది.

మాటిస్తే అబిగయీలుకు ఇంక ఎవరూ జవాబు చెప్పరు.

"మాటిచ్చినా," అన్నాడు. "కొట్టు."

ఆమె లాప్‌టాప్ మీదికి వంగింది. మొదటిసారి తప్పు కొట్టింది. తెర ఎర్రబడింది. రెండోసారి ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. తెర మీద ఏడు సెకన్లు. ఆరు. ఐదు. నాలుగు దగ్గర అంకె ఆగిపోయింది. తొట్లలో ఆకుపచ్చ లైట్లు వరసగా ఆరిపోయాయి. అప్పటికి తలుపు గడియ ఊడింది. కాపలావాడు లోపలికి పడ్డాడు, జడ్సన్ వాడి మీద పడ్డాడు. చేపలోడి వేషం వేసినా, తాడు ముడి మాత్రం లైన్‌మన్ ముడి. విప్పుకోవడం వాడి వల్ల కాలేదు.

కెజియా కారు దగ్గర ఆగింది. "దేవుడు మిమ్మల్ని దీవిస్తాడన్నా."

"నీ పేరు చెప్పను. నిన్ను క్షమించేది కూడా లేదు. పో."

"నేనేం చేసినాను మీకు?"

అతను ఇసుక వైపు తిరిగి నిలబడ్డాడు. కారు వెళ్లిపోయాక పోలీసులకు ఫోన్ చేశాడు.

* * *

సాయంత్రం పద్మనాభయ్య రిపోర్టు చదివాడు. మూడు పెట్టెలూ దొరికాయి. పల్లె పేరు అరెస్టు లిస్టులోంచి తీసేశారు. వేలు పడని కథ చదివి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చివరి పేజీ దగ్గర ఆగాడు.

"గొంతు ఎవరిదో రాయలేదు."

"రాయను సార్."

"దొరకలేదా?"

జడ్సన్ బల్ల మీది మ్యాప్ మడతపెట్టాడు. పద్మనాభయ్య ఇరవై ఏళ్లుగా మనుషుల మౌనాలు చదివిన మనిషి. లేచి తలుపు మూశాడు. "సరే, ఫైల్లో వద్దు. నాకు చెప్పు. నీ భార్య విషయం నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నా."

"సార్, మీరు అడగడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. మీకు చెప్పను. కోర్టుకి చెప్పను. పాస్టరు గారు మోకరించి అడిగినా చెప్పను."

"సమాధి దగ్గర ఆమెకైనా చెప్పుకోవయ్యా. తేలికవుతుంది."

జడ్సన్ గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు.

"ఆమెకు అసలే చెప్పను," అన్నాడు.