గుద్దుకు బదులు

చంద్రుడి మీద గనుల ఊళ్ళో పిల్లలు పిడికిలితో గుద్ది పలకరిస్తారు. డ్రిల్లుల హోరులో మాట వినపడదు, ముసుగు వెనక మొహం కనపడదు. అందుకే మూడు తరాలుగా అక్కడ గుద్దే పలకరింపు. తిరిగి గుద్దితే బతికున్నట్టు లెక్క. బదులు గుద్దకుండా వెనుదిరిగేది శవం దగ్గర మాత్రమే.

మందాకిని పైన గాజు గుమ్మటం కింద పెరిగిన మనిషి. ఆమె బాలవాడిలో చేరిన వారానికే నాలుగేళ్ళ నూకాలు పరిగెత్తుకొచ్చి పొట్టలో గుద్దింది. మందాకిని చెయ్యి విసిరింది. పిల్ల పెదవి చిట్లి, పన్ను ఊడింది.

ఉద్యోగం నిలవాలంటే శిక్షణకు వెళ్ళమన్నారు. శిక్షణంటే ‘పరదేహి’. పిల్లల మొలతాడులో అల్లిన సెన్సర్లు నరాల సంకేతాలన్నిటినీ దాచుకుంటాయి. టీచరు తొడుక్కున్న కవచం వాటిని ఆమె నరాల్లో మళ్ళీ పుట్టిస్తుంది.

“భయపడకండి మేడమ్. చాలామంది ఒక్కసారికే ఏడ్చేస్తారు,” అన్నాడు గుమ్మటం నించి దిగొచ్చిన శిక్షకుడు ఇమ్మానుయేలు, కవచం బెల్టు బిగిస్తూ.

నూకాలు కళ్ళలోంచి, కింద నించి తన మొహం కనపడింది మందాకినికి. పళ్ళు బిగించిన పెద్ద మొహం. అందులో కోపం కన్నా కొట్టడంలోని ఇష్టమే ఎక్కువుంది. చెంప పేలింది. నోట్లో ఉప్పటి నెత్తురు. కానీ పిల్ల గుండెలో సంతోషం! పంతులమ్మ బదులిచ్చింది. మరుక్షణం ఆ పెద్ద మనిషి చెయ్యి తుడుచుకుంటూ వెనుదిరిగింది. అప్పుడు ఆ చిన్న ఛాతీలో ఏదో కూలిపోయింది. సొరంగంలో కదలని నాన్న, ఆయనకు వీపు తిప్పి నడిచిపోతున్న జనం. నేను చచ్చిపోయానా?

“ఇంకోసారి పెట్టండి,” అంది మందాకిని.

ఆమె మళ్ళీ మళ్ళీ అడిగింది. ఇంత పశ్చాత్తాపం ఎక్కడా చూడలేదనుకుని ఇమ్మానుయేలు కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మాత్రం ఒక్కటే ఆలోచిస్తోంది. తన ఆ మొహాన్ని చూసిన మనిషి ఒకతి ఉంది.

మర్నాడు అతను బాలవాడి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“ఓలమ్మ, పంతులమ్మొచ్చీసింది!” నూకాలు ఎగిరొచ్చి గుద్దింది.

మందాకిని చెయ్యి లేవలేదు. ఆమె చల్లగా నవ్వి, నెమ్మదిగా వెనుదిరిగింది.

“చెయ్యెత్తలేదు! పాసయ్యారు మేడమ్!”

వెనక నించి నడుం మీద చిన్న పిడికిళ్ళు పడ్డాయి. తర్వాత పిక్కలో పళ్ళు దిగాయి. ఆమె కదల్లేదు. ఆ తర్వాత గోడకేసి తల బాదుకుంటున్న చప్పుడు.

“అయ్యో, పాపకేమైంది?” ఇమ్మానుయేలు పరిగెత్తాడు.

“ఏమో సార్,” అంది మందాకిని.

ఏమైందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.